అపలాచియన్ ట్రైల్: నడవడమే కాదు, దారి బాగుచేసే పనికి ఎవరైనా వెళ్లారా?

కృష్ణాతీరం (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మేం ఎడిసన్ దగ్గర ఉంటాం. వర్నన్ దగ్గర పోచక్ బోర్డ్‌వాక్ మీలో చాలామంది చూసే ఉంటారు. చిత్తడి నేల మీదుగా మైలున్నర దాకా చెక్కలు పరిచిన దారి, మధ్యలో వేలాడే వంతెన. అది అపలాచియన్ ట్రైల్‌లో ఒక ముక్క. వాలంటీర్లు ఏళ్ల తరబడి పనిచేసి దాన్ని కట్టారని, 2002లో పూర్తయిందని ఈమధ్యే తెలిసింది. అప్పటి నుంచి ఆ ట్రైల్ గురించి దొరికిందల్లా చదువుతున్నాను. జార్జియాలో స్ప్రింగర్ కొండ మీద మొదలై, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. 14 రాష్ట్రాలు, 2,190 మైళ్ల పైమాటే. మన లెక్కలో దాదాపు 3,500 కిలోమీటర్లు.

నా ప్రశ్నలు: అంత పొడుగు దారిని నిజంగా వాలంటీర్లే చూసుకుంటున్నారా? పార కూడా పట్టి ఎరగని మనలాంటి కంప్యూటర్ ఉద్యోగులు వెళ్తే పని ఇస్తారా? మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాణ్ని కూడా తీసుకెళ్లొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రిచ్‌మండ్_రమణ (వర్జీనియా)
కృష్ణాతీరం గారూ, నిజంగా వాలంటీర్లే. మీరు అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను.

దారి పొడుగునా దాదాపు 30 క్లబ్బులున్నాయి. ఏ ముక్క ఏ క్లబ్బుదో పంచుకున్నారు. మా వైపు పొటోమాక్ అపలాచియన్ ట్రైల్ క్లబ్ ఉంది, 1927లో పెట్టారు. దాని వంతు 240 మైళ్లు. మీ వైపు న్యూయార్క్ – న్యూజెర్సీ ట్రైల్ కాన్ఫరెన్స్ చూసుకుంటుంది, అది 1920 నాటిది. వీళ్లందరికీ పైన అపలాచియన్ ట్రైల్ కన్సర్వెన్సీ అని ఒక సంస్థ, వెస్ట్ వర్జీనియాలో హార్పర్స్ ఫెర్రీ ఊళ్లో దాని ఆఫీసు. ఏడాదికి సుమారు 6,000 మంది వాలంటీర్లు, 2 లక్షల గంటలకు పైగా పని. ఇది ఈ దారికి మామూలు సంవత్సరం.

క్లబ్ తన వంతును మళ్లీ మైలు, రెండు మైళ్ల ముక్కలుగా చేసి ఒక్కో మనిషికో, ఒక్కో జంటకో అప్పగిస్తుంది. ఆ ముక్కకు ఇక వాళ్లే పూచీ. మా వర్జీనియాలోని షెనన్డోవా నేషనల్ పార్క్ దగ్గర నాకూ ఒక ముక్క ఉంది. చలికాలం పోగానే వెళ్లి ఎక్కడెక్కడ చెట్లు పడ్డాయో చూసుకోవాలి. చిన్నవైతే చేతిరంపంతో కోసి పక్కకు లాగేస్తాం. పెద్ద మాను అయితే కొలత, ఫోటో పంపిస్తే శిక్షణ పొందిన రంపం వాళ్లు వస్తారు. మోటారు రంపం ఎవరు పడితే వాళ్లు పట్టడానికి వీల్లేదు, దానికి పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 1964 చట్టం ప్రకారం వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో మోటారు రంపమే నిషేధం. అక్కడ ఇప్పటికీ ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని లాగే పాతకాలం రంపమే. మూడడుగుల మాను కోయడానికి పూటంతా పడుతుంది. ఆ రంపం పళ్లు సానపట్టగలిగేవాళ్లంటే క్లబ్బుల్లో ఎంత గౌరవమో చూడాలి!

జూన్ వస్తే పొదల పని. దారి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు వరకు ఖాళీగా ఉండాలన్నది లెక్క. అంత ఎత్తు ఎందుకంటే, వీపు మీద బరువు సంచి తలకు పైదాకా ఉంటుంది. పైగా వాన పడితే కొమ్మలు కిందికి వంగుతాయి. ఆకురాలు కాలంలో నీటి కాలువలు పూడిక తీయాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం.

ఇక చెట్ల మీద తెల్ల గుర్తులు. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడుగు. రెండు గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉంటే ముందు మలుపుందని అర్థం. నీలం గుర్తయితే నీటికో, బస షెడ్డుకో వెళ్లే పక్కదారి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఈ రంగు వేయడమే. మంచు కమ్మినప్పుడు, చీకటి పడుతున్నప్పుడు ఒక మనిషి ఆ గుర్తు కోసమే వెతుకుతాడు. అందుకని వేసేటప్పుడు రెండు వైపుల నుంచీ నడిచి చూసి, ఏ చెట్టు మీద వేస్తే కనిపిస్తుందో ఆలోచించి వేయాలి. ఎక్కువ వేసినా తప్పే, అడవి అడవిలా ఉండదు.

మీ అబ్బాయిని తప్పకుండా తీసుకెళ్లండి. 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, మీరు పక్కనే ఉండాలి. రంపం పని, బరువు రాళ్ల పని వాళ్లకు ఇవ్వరు. పొదలు కత్తిరించడం, కాలువలు శుభ్రం చేయడం హాయిగా చేయొచ్చు.

శారద_కోట (మేరీలాండ్)
రమణ గారూ, ముక్క తీసుకోకుండా ఏడాదిలో ఒకటి రెండు రోజులు మాత్రమే వెళ్లొచ్చా? ఇద్దరు చిన్నపిల్లలతో అంత పూచీ తీసుకోలేను.

రిచ్‌మండ్_రమణ (వర్జీనియా)
నిక్షేపంగా వెళ్లొచ్చమ్మా. ప్రతి క్లబ్బూ వర్క్ ట్రిప్పులు పెడుతుంది. పొద్దున్న పార్కింగ్ దగ్గర కలవడం, పనిముట్లు పంచుకోవడం, సాయంత్రానికి ఇంటికి. పనిముట్లు వాళ్లే ఇస్తారు. వారం రోజులు తీరిక ఉన్నవాళ్లకు కొనరాక్ అని ఒక దళం ఉంది, 1983లో మొదలైంది. వర్జీనియా నైరుతి మూల నుంచి బయల్దేరి అడవిలో గుడారాల్లో ఉంటూ కొత్త దారి తవ్వడం, మెట్లు కట్టడం లాంటి పెద్ద పనులు చేస్తారు. తిండి, బస వాళ్లదే.

మెట్టదారి (టెక్సాస్)
ఇక్కడ ఒక విషయం సరిచూసుకోవాలి. దీన్ని మొత్తం వాలంటీర్లే కట్టారనడం సగం నిజమే. 1930ల మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ కుర్రాళ్లు జీతానికి చేసిన పని ఇందులో చాలా ఉంది. మొత్తం దారిలో చివరి ముక్క, మెయిన్‌లో స్పాల్డింగ్, షుగర్‌లోఫ్ కొండల మధ్యది, 1937 ఆగస్టు 14న పూర్తి చేసింది వాళ్లే. తర్వాత భూమి సంగతి. 1968లో జాన్సన్ నేషనల్ ట్రైల్స్ చట్టం మీద సంతకం చేశారు. 1978లో ఆ చట్టాన్ని సవరించి, భూమి కొనడానికి 9 కోట్ల డాలర్లు మంజూరు చేశారు. ప్రజల పన్ను డబ్బు లేకపోతే ఈ దారి సగం చోట్ల తారు రోడ్ల పక్కనే ఉండేది. అమ్మడం ఇష్టం లేకపోయినా భూములు వదులుకోవాల్సి వచ్చిన రైతులు కూడా ఉన్నారు. వాళ్లనూ గుర్తుపెట్టుకోవాలి.

పాతచింత (పెన్సిల్వేనియా)
మెట్టదారి గారు చెప్పినవన్నీ నిజాలే. అయితే వాటికి ముందు, వాటి మధ్యలో ఏం జరిగిందో కూడా చూడాలి. నాకు ఈ చరిత్ర మీద చాలా ఇష్టం, కొంచెం పొడుగు రాస్తే విసుక్కోవద్దు.

1921 అక్టోబరులో బెంటన్ మెకై అనే ఆయన ఒక వాస్తుశిల్పుల పత్రికలో వ్యాసం రాశాడు. అడవుల శాఖలో పనిచేసి వచ్చినవాడు. పట్టణాల్లో ఫ్యాక్టరీ పనితో నలిగిపోతున్న జనానికి కొండల వరుస మీద ఒక నడకదారి ఉండాలని, దాని వెంట బసలు, చిన్న చిన్న సమష్టి ఊళ్లు, పొలాలు కూడా ఉండాలని ఆయన ఊహ. ఊళ్లు, పొలాలు రాలేదు. దారి వచ్చింది. ఆ దారిని వాలంటీర్ల చేతే వేయించాలన్నది మొదటి నుంచీ ఆయన మాట. 1923 అక్టోబరులో న్యూయార్క్‌లో బేర్ మౌంటెన్ దగ్గర మొదటి ముక్క తెరిచారు. అది వాలంటీర్లు వేసిందే. 1925లో వాషింగ్టన్‌లో అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు.

తర్వాత కొన్నేళ్లు పని ముందుకు సాగలేదు. దాన్ని మళ్లీ లేపింది ఆర్థర్ పెర్కిన్స్ అనే రిటైరైన న్యాయాధికారి. ఆయన తర్వాత మైరన్ ఏవరీ అనే ప్రభుత్వ లాయరు. 1931 నుంచి 1952 దాకా ఏవరీయే అధ్యక్షుడు. సైకిల్ చక్రం లాంటి కొలత చక్రాన్ని తోసుకుంటూ కొండలన్నీ తిరిగి అడుగడుగూ కొలిచి రాసుకున్నాడు. ఊరూరా క్లబ్బులు పెట్టించాడు. 1936 నాటికి దారి మొత్తం నడిచిన మొదటి మనిషి ఆయనే. మెకైకీ ఆయనకీ పడలేదు. షెనన్డోవాలో కొండ అంచు వెంట కార్ల రోడ్డు వేస్తామని ప్రభుత్వం అన్నప్పుడు, అడవి ఏకాంతం పోతుందని మెకై అడ్డం తిరిగాడు. రోడ్డుతో సర్దుకుని ట్రైల్‌ని పక్కకు జరుపుకుందాం, లేకపోతే ఈ దారి ఎప్పటికీ పూర్తికాదని ఏవరీ అన్నాడు. ఉత్తరాల్లో మాటా మాటా పెరిగి, ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. నన్నడిగితే ఇద్దరూ కావాలి. మెకై లేకపోతే ఆలోచనే లేదు, ఏవరీ లేకపోతే ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయేది.

ఇప్పుడు అసలు విషయం. 1937లో దారి పూర్తయింది. మరుసటి ఏడాదే న్యూ ఇంగ్లండ్ మీద పెద్ద తుఫాను పడి చెట్లు కూలాయి. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. పనిచేసేవాళ్లంతా యుద్ధంలోకి పోయారు. పదేళ్లు కూడా గడవకముందే చాలాచోట్ల దారి అడవిలో కలిసిపోయింది. 1948లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎర్ల్ షాఫర్ ఒక్క విడతలో మొత్తం నడిచినప్పుడు, గుర్తులు లేని చోట్ల దారి వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. తెగిపోయిన ముక్కలన్నీ మళ్లీ కలిసింది 1951లో. ప్రభుత్వం కుర్రాళ్లు కట్టి వెళ్లిపోయారు, భూమి డబ్బు ఇంకో నలభై ఏళ్లకు గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో దారిని బతికించింది ఆదివారాలు కొడవలి పట్టుకుని వచ్చిన క్లబ్బు మనుషులే.

మెట్టదారి (టెక్సాస్)
ఈ మధ్యకాలం సంగతి నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంకో ప్రశ్న. భూమి ప్రభుత్వానిది, పార్కు ప్రభుత్వానిది. ఆ పని చేయడానికి జీతగాళ్లను పెట్టకుండా జనం చేత ఉచితంగా చేయించుకోవడం న్యాయమేనా? వాలంటీర్లు ఉన్నారు కదా అని బడ్జెట్ కోస్తే?

రిచ్‌మండ్_రమణ (వర్జీనియా)
ఇది మా క్లబ్బులో కూడా మాట్లాడుకునే విషయమే అన్నా. 1984లో నేషనల్ పార్క్ సర్వీస్ ఈ దారి నిర్వహణ బాధ్యతను ఒప్పందం రాసి మరీ వాలంటీర్ల సంస్థకు అప్పగించింది. అంటే పని ఒక్కటే కాదు, నిర్ణయం కూడా. దారి ఎటు జరపాలి, ఏ షెడ్డు కట్టాలి, ఏది తీసేయాలి, ఇవన్నీ ముందు క్లబ్బులోనే తేలతాయి. జీతానికి చేసే మనిషికి ఆ మాట దక్కదు. ఇంకోటి, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి పనిచేస్తుంటే, పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు విషయంలో వాలంటీరును ఫెడరల్ ఉద్యోగితో సమానంగా చూస్తారు. బడ్జెట్ కోతల గురించి మీ భయం సరైనదే. వంతెనలు, పార్కింగులు, మరుగుదొడ్ల సామాన్లకు డబ్బు కావాల్సిందే. వాలంటీర్లు ఉన్నారు కాబట్టి అధికారులు అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. రేంజర్లు లేకపోతే మా పని కూడా ఆగిపోతుంది.

కాలువగట్టు (న్యూయార్క్)
నేను సివిల్ ఇంజినీరుని. వారాంతాల్లో బేర్ మౌంటెన్ దగ్గర రాళ్ల పనికి వెళ్తుంటాను. ఇక్కడ ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటి చెప్తాను. ఈ దారికి అసలు శత్రువు నీళ్లు. చెట్టు పడితే ఒక్క పూటలో తీసేయొచ్చు. నీళ్లు కోసేసిన దారిని బాగుచేయడానికి నెలలు పడుతుంది.

వేల మంది నడిచిన చోట మట్టి గట్టిపడి కాస్త కిందికి దిగుతుంది. వాన నీటికి అదే కాలువ. వాలు నిటారుగా ఉంటే నీళ్లు వేగం పట్టి మట్టిని కొట్టుకుపోతాయి, రాళ్లు వేర్లు పైకి తేలతాయి. అప్పుడు జనం బురద తప్పించుకోవడానికి పక్కనున్న పచ్చిక మీద నడుస్తారు, దారి రెండడుగులది పదడుగులవుతుంది. దీనికి మందు ఏమిటంటే, పొలంలో మడవ తిప్పినట్టు నీటిని దారి మీద నుంచి పక్కకు తిప్పేయడమే. దుంగనో రాతినో దారికి అడ్డంగా, ఏటవాలుగా పాతుతాం. నీళ్లు దానికి కొట్టుకుని కిందివైపు కొండవాలులోకి వెళ్లిపోతాయి. దాన్ని వాటర్ బార్ అంటారు. కొత్తగా తవ్వే దారులైతే లోయవైపు కొద్దిగా వాలి ఉండేలా మొదటే చెక్కుతారు, నీళ్లు దారి మీద నిలవకుండా అడ్డంగా జారిపోతాయి. కొండని సూటిగా ఎక్కించకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్లడం కూడా అందుకే. నడిచేవాళ్లు దూరం తగ్గించుకుందామని మలుపులు దాటి అడ్డంగా దిగుతుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఒక్క సీజన్ అలా చేస్తే అక్కడ కొత్త వాగు పుడుతుంది.

బేర్ మౌంటెన్ మీద పాత దారి సరిగ్గా ఇలాగే పాడైంది. జనం ఎక్కువ, వాలు ఎక్కువ. దాన్ని తిరగ్గట్టినప్పుడు 800కి పైగా గ్రానైట్ మెట్లు పెట్టారు. అక్కడి రాళ్లనే ఉలితో చీల్చి, చెట్ల మధ్య ఉక్కు తాడు కట్టి దాని మీద వేలాడదీసి తెచ్చి, గునపాలతో కదిపి కూర్చోబెట్టారు. ఒక్కో రాయి వందల కిలోలు. మెట్టు కదలకుండా నిలవాలంటే వెనక రాయి ముందు రాయి మీద ఎక్కి కూర్చోవాలి, సందుల్లో చిన్నరాళ్లు కూరి కొట్టాలి. సిమెంటు వాడరు. ఈ పని నేర్పించింది అనుభవమున్న మేస్త్రీలు, చేసిన చేతులు చాలావరకు వాలంటీర్లవి. కాలేజీలో చదివిన చదువు కన్నా నేల గురించి నాకు ఇక్కడే ఎక్కువ తెలిసింది.

కృష్ణాతీరం గారూ, పనిముట్ల గురించి భయపడొద్దు. పలాస్కీ అని ఒకటి ఇస్తారు, ఒకవైపు గొడ్డలి, రెండోవైపు వడ్రంగి బాడిస అంచు. 1910లో పెద్ద కార్చిచ్చును ఎదుర్కొన్న ఎడ్ పలాస్కీ అనే అడవి అధికారి పేరు మీద వచ్చింది. ఎలా పట్టుకోవాలో, పక్క మనిషికి ఎంత దూరంలో నిలబడాలో పని మొదలయ్యే ముందే చూపిస్తారు. వాళ్లు భద్రత విషయంలో చాలా కచ్చితం.

అనూష_అట్లాంటా (జార్జియా)
దక్షిణం వైపు నుంచి నేను. జార్జియాలో ట్రైల్ 78 మైళ్లు. 1930లో పెట్టిన క్లబ్ చూసుకుంటుంది. మన తెలుగు కుటుంబాలు అమికలోలా జలపాతానికి చాలా వెళ్తాయి కదా, స్ప్రింగర్ కొండకు ఎక్కే దారి అక్కడి నుంచే మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మెయిన్ దాకా నడుద్దామని వచ్చేవాళ్లు గుంపులు గుంపులుగా బయల్దేరతారు. వాళ్లలో చివరిదాకా వెళ్లేది నాలుగో వంతే. మొదటి వారంలోనే అలసిపోయి బరువు తగ్గించుకోవడానికి సామాను అడవిలో వదిలేసేవాళ్లు ఉంటారు. అది మోసుకు రావడం కూడా మెయింటైనర్ల పనే.

అందరూ రంపాలు, రాళ్ల గురించి రాశారు. నేను మరుగుదొడ్ల గురించి రాస్తాను, ఎవరో ఒకరు రాయాలి. బస షెడ్ల దగ్గర ఉండే మరుగుదొడ్లలో చాలావాటికి గొయ్యి ఉండదు. నేల మీదే గాలి ఆడేలా కట్టి, ఒక్కొక్కరు గుప్పెడు చెక్కపొట్టు వేస్తే అంతా మెల్లగా మట్టి అయిపోతుంది. ఆ చెక్కపొట్టును సంచుల్లో వీపు మీద మోసుకెళ్లి పెట్టేది వాలంటీర్లే. నిండిన దాన్ని తిరగేసి ఎండబెట్టేది కూడా వాళ్లే. వెట్ వైప్స్, ప్లాస్టిక్ అందులో పడేస్తే వాళ్లు చేత్తో ఏరాలి. మరుగుదొడ్డి లేనిచోట నీటికి, దారికి 200 అడుగుల దూరంలో, అంటే దాదాపు 70 అంగలు వేసినంత దూరంలో, ఆరు నుంచి ఎనిమిదంగుళాల లోతు గొయ్యి తీయాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు చిన్న తాపీ ఒకటి సంచిలో పెట్టుకోండి. దారి మీద పనిచేసేవాళ్లకు మనం చేయగల మొదటి సాయం ఇదే.

మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు "ఈ వయసులో నాకెందుకమ్మా కొండలు" అన్నారు. ఆవిడకు ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పాను. పదకొండు మంది పిల్లల్ని పెంచిన తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, గుడ్డ బూట్లు వేసుకుని, ఇంట్లో కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని మొత్తం దారి ఒక్కతే నడిచింది. గుడారానికి బదులు స్నానాల గది పరదా తెచ్చుకుంది. తర్వాత దారి ఎంత అధ్వాన్నంగా ఉందో పత్రికల వాళ్లకు మొహమాటం లేకుండా చెప్పింది. ఆ మాటలతో చాలామందికి దారి బాగుచేయాలన్న పట్టింపు వచ్చింది. అత్తయ్యగారు వెళ్లే లోపు మాతో కొమ్మలు కత్తిరించే పనికి వచ్చారు. మల్లెపందిరి కత్తిరించిన చెయ్యి కదా, ఎక్కడ కోస్తే కొమ్మ మళ్లీ అటే పెరుగుతుందో మా అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

శారద_కోట (మేరీలాండ్)
అనూషా, మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి! నాకు మిగిలిన టెన్షన్ రెండే, టిక్స్, ఎలుగుబంట్లు. మావారు ఈ రెండు పేర్లు చెప్పి ఆపేస్తున్నారు.

రిచ్‌మండ్_రమణ (వర్జీనియా)
ఎలుగుబంట్ల కన్నా టిక్స్ గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి శారదమ్మా. మన ఊళ్లో పశువులకు పట్టే పిడుదుల జాతే. లైమ్ జ్వరం వీటి వల్లే వస్తుంది, మేరీలాండ్ నుంచి పైకంతా ఎక్కువ. లేతరంగు పొడుగు ప్యాంటు వేసుకుని కాళ్ల అంచుల్ని మేజోళ్లలో దోపుకోండి. బట్టల మీద పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే చల్లి ఆరనివ్వండి. ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, తల, పిల్లల చెవుల వెనక చూడండి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయండి. జ్వరం గానీ, దద్దురు గానీ వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి.

ఇక్కడున్నవి నల్ల ఎలుగులు. పదిమంది పార చప్పుడు చేస్తుంటే దగ్గరికి రావు. తిండి మాత్రం బయట వదలొద్దు.

షార్లెట్_శ్రీను (నార్త్ కరోలినా)
2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మా వైపు, టెనెసీ, వర్జీనియా దక్షిణం దాకా వందల మైళ్ల ట్రైల్ మూసేశారు. కొన్ని చోట్ల మైలుకు వందల చెట్లు అడ్డం పడ్డాయి. ఎర్విన్ దగ్గర నోలిచక్కీ నది మీద వంతెన కొట్టుకుపోయింది. తర్వాతి సీజన్‌లో నడిచేవాళ్లను పడవలో దాటించాల్సి వచ్చింది.

మొదటి వారాల్లో మాలాంటి వాళ్లను అటు రావద్దన్నారు. ముందు ఊళ్లలో మనుషుల్ని కాపాడాలి, రోడ్లు తెరవాలి. చెప్తే బాధగా అనిపించింది కానీ అదే సరైన మాట. మేం చర్చి ఒకదాని దగ్గర మంచినీళ్ల సీసాలు, దుప్పట్లు దించి వచ్చేశాం. రంపం శిక్షణ ఉన్న క్లబ్బు వాళ్లు మాత్రం దారి తెరిచే పనికి దిగారు. వాళ్లలో కొందరి ఇళ్లే దెబ్బతిన్నాయి. పడిన మానులు ఒకదాని మీద ఒకటి మెలిపడి, విల్లులా బిగుసుకుని ఉంటాయి. తప్పు చోట కోస్తే ఎగిరి మనిషిని కొడతాయి. అందుకే కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. అవి తీసేశాక మేం వెళ్లి కొమ్మలు లాగి, చెరిగిపోయిన దారి అంచులు మళ్లీ చెక్కాం. తరువాతి వసంతంలో నడిచేవాళ్లు మళ్లీ వచ్చారు. ఒక ఏడాది తిరగకముందే ఎక్కువ దారి తెరుచుకుందంటే అది ఈ పాత క్లబ్బుల బలం. తుఫాను వచ్చాక మనుషుల్ని వెతుక్కుని శిక్షణ ఇవ్వడం కుదరదు. ముందు నుంచీ ఉన్నారు కాబట్టి అయింది.

హైదరాబాదీ_భాను (హైదరాబాద్)
చదువుతుంటే కడుపు నిండిపోయింది. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు? నల్లమలలో శ్రీశైలం దాకా ఒక పెద్ద ట్రైల్ వేసి, మనమే శ్రమదానం చేసి చూసుకుంటే ఎలా ఉంటుంది?

నాగలూటి (ఆత్మకూరు)
భాను గారూ, నల్లమలలో దారి ఎప్పటి నుంచో ఉంది. మా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం పోయే కాలిదారి. రెడ్డిరాజుల కాలంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు, 14వ శతాబ్దం మాట. ఉగాది ముందు కన్నడ భక్తులు వేలాదిమంది ఇప్పటికీ ఆ దారినే నడిచి వస్తారు, శివరాత్రికి మనవాళ్లు. ఆ రోజుల్లో ఊళ్లవాళ్లు దారి పొడుగునా చలివేంద్రాలు, అన్నదానం పెడతారు. ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వరు.

కానీ ఇది నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం. ఏడాది పొడుగునా జనం తిరిగే ట్రైల్ ఇక్కడ వద్దనే నా గట్టి అభిప్రాయం. పండగ రోజులు తప్ప మిగతా కాలం ఆ దారి పులిది, చెంచుల అడవిది. అమెరికా పద్ధతిలో మనం తెచ్చుకోవాల్సింది దారిని కాదు, దారి మీద పూచీని. యాత్ర అయ్యాక మిగిలే ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు చూస్తే కళ్లనీళ్లొస్తాయి. అటవీ శాఖ అనుమతితో, యాత్ర అయిన వారంలోనే, ఫలానా రెండు కిలోమీటర్లు ఫలానా బృందానివి అని రాసుకుని ఏరితే చాలు. మాకు కావాల్సింది ప్రతి ఏడూ వచ్చేవాళ్లు. ఒక్కసారి ఫోటోలకు వచ్చేవాళ్లు వద్దు.

హైదరాబాదీ_భాను (హైదరాబాద్)
ముక్కలుగా పంచుకోవడం అన్న మాట నచ్చింది అన్నా. మా ఆఫీసులో నడకల బృందం ఉంది. అటవీ శాఖకు అర్జీ పెట్టే విషయం మీకు విడిగా సందేశం పంపుతాను.

పాతచింత (పెన్సిల్వేనియా)
వీసాల మీద ఉన్నవాళ్లకు ఒక మాట. జీతం లేని పనే అయినా ప్రభుత్వ భూమి మీద పత్రం సంతకం పెట్టాలి కాబట్టి, మీ వీసా ఏదో క్లబ్ వాళ్లకు ముందే చెప్పండి. సందేహం ఉంటే మీ లాయరును అడిగాకే వెళ్లండి. సందర్శకుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నల విషయంలో కూడా అంతే.

కృష్ణాతీరం (న్యూజెర్సీ)
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నేను, మా అబ్బాయి వచ్చే నెల మొదటి శనివారం వర్క్ ట్రిప్‌కి పేర్లు ఇచ్చాం, కాలువల పూడిక తీసే పని. మావాడు పలాస్కీ బొమ్మ చూసి అదే కావాలంటున్నాడు, కాలువగట్టు గారూ, వాడికి ఇస్తారా? ఎడిసన్, పిస్కాటవే వైపు నుంచి ఎవరైనా వస్తానంటే కారులో ముగ్గురికి చోటుంది, పొద్దున్న ఆరింటికి బయల్దేరతాం.

కాలువగట్టు (న్యూయార్క్)
పలాస్కీ ఇవ్వరు, పార ఇస్తారు. పూడిక తీసే పనికి అదే సరైనది. పూడిక మట్టిని కాలువ కిందివైపు కుప్ప పోయకుండా దూరంగా చల్లమని వాడికి ముందే చెప్పండి. మన మీద ఉన్న పని అంతా అందులోనే ఉంది.

అనురాధ_పి (న్యూజెర్సీ)
కృష్ణాతీరం గారూ, పిస్కాటవే నుంచి నేను, మా అమ్మాయి వస్తాం. పులిహోర నేను తెస్తాను. చేతి తొడుగులు వాళ్లిస్తారా, మనమే కొనుక్కోవాలా?

రిచ్‌మండ్_రమణ (వర్జీనియా)
మీ సైజువి మీరే తెచ్చుకోవడం మంచిదమ్మా. రెండు జతలు పెట్టుకోండి, కాలువ పనిలో మొదటి జత గంటలో తడిసిపోతుంది.